రంగు చేపకే అగ్రతాంబూలం

జపాన్ వాళ్లు కొలనుల్లో పెంచుకునే రంగు చేప కోయి గొప్పదా, మన కావేరి నదిలోని పెద్ద చేప మహసీర్ గొప్పదా అన్న వాదన వచ్చినప్పుడల్లా మహసీర్ వైపు మొగ్గే అమాయకులు కొందరుంటారు. వాళ్లకు లోకరీతి తెలియదు. రెండూ కార్ప్ వంశానివే కాబట్టి పుట్టుక దగ్గర ఎక్కువతక్కువలు లేవు. (మన బొచ్చె, శీలావతి కూడా ఆ వంశానివే. వాటి సంగతి పులుసులో ఎప్పుడో తేలిపోయింది కనుక ఈ విచారణకు పిలవలేదు.) తేడా అంతా నడవడికలో ఉంది.

కోయి పూర్వీకులు జపాన్‌లోని నీగాతా కొండపల్లెల్లో వరి రైతులు తినడానికి పెంచుకున్న మామూలు చేపలు. 19వ శతాబ్దంలో కొన్నిటి ఒంటిమీద రంగు మచ్చలు కనబడగానే కత్తి పక్కకు వెళ్లింది. 1914లో టోక్యో ప్రదర్శనకు వెళ్లి, ఆ తర్వాత చక్రవర్తి కోట కందకంలో కాపురం పెట్టాయి. చేసిన పని ఏమీ లేదు, మచ్చ వచ్చిందంతే. కోయి పనితీరు మరీ ముచ్చటైనది. అడుగుల చప్పుడు వినబడితే చాలు, గట్టుకు వచ్చి నోరు తెరుస్తుంది. వచ్చినవాడు ఎవరని అడగదు. పిల్లల్లో మచ్చ కుదరనివాటిని పెంపకందారులు ఎప్పటికప్పుడు ఏరి పారేస్తారు. అదే మన దగ్గరైతే కనీసం విచారణ సంఘం వేసేవారు.

ఇక మహసీర్. సుడులు, బండరాళ్లు ఉన్నచోటే దాని నివాసం. వరద రాగానే అందరూ కిందికి కొట్టుకుపోతుంటే ఇది గుడ్లు పెట్టడానికి ఎదురీదుతుంది. గొంతులోని పళ్లతో పీతల్ని నలిపి మింగుతుంది. గాలానికి చిక్కినా వెంటనే లొంగదు, వేసినవాణ్ణి ఒడ్డు వెంట పరుగెత్తిస్తుంది. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ అనే ఆయన 120 పౌండ్ల మహసీర్‌ను పట్టాడు. అంటే సుమారు 54 కిలోలు. ఇంత ఒళ్లు పెట్టుకుని రాగిముద్ద ఎరకు చిక్కే చేపకు మర్యాద ఎలా దక్కుతుంది? ఒక్క పూట కూడా తొట్టిలో కూర్చుని ఎవరి మెప్పూ పొందలేదు.

2018వ సంవత్సరం ఈ వ్యాజ్యాన్ని తేల్చేసింది. ఆ ఏడాది హిరోషిమాలో ఒక కోయిని 20 కోట్ల 30 లక్షల యెన్‌లకు వేలంలో కొన్నారు. మన లెక్కలో 13 కోట్ల రూపాయలకు అటూఇటూ. దాని ఒంటిమీద ఎరుపు, తెలుపు తప్ప మరే అర్హతా లేదు. మన కావేరి మహసీర్‌కు, అంటే వీపుమీద మూపురం ఉన్న మూపు మహసీర్‌కు కూడా అదే ఏడాది రెండు గౌరవాలు దక్కాయి. వేటగాళ్లు శతాబ్దానికి పైగా కొలతలు వేసి ఫోటోలు తీసుకున్న ఆ చేప శాస్త్రీయ నామం 'టోర్ రెమాదేవీ' అని పరిశోధకులు తేల్చడం మొదటిది. తీవ్రంగా అంతరించిపోతున్న జీవుల జాబితాలోకి ఎక్కించడం రెండోది. పేరు తేలిన ఏడాదే మరణశయ్య కూడా పరిచారన్నమాట. పాలనలో ఇంత వేగం అరుదు.

దాన్ని ఆ గతికి తెచ్చినవాళ్లను కూడా మెచ్చుకోవాలి. ఆనకట్టలు కట్టినవాళ్లు, ఇసుక తోడినవాళ్లు, మందుగుండు పేల్చి చేపలు ఏరుకున్నవాళ్లు తలో చెయ్యి వేశారు. అన్నిటికన్నా ముచ్చటైనది సంరక్షణ. మహసీర్‌ను కాపాడాలన్న సదుద్దేశంతో 1970ల నుంచి మహారాష్ట్రలోని లోనావాలా దగ్గరి హేచరీలో పిల్లల్ని పొదిగించి కావేరిలో వదిలారు. అవి వేరే జాతి మహసీర్‌లు, నీలిరెక్కలవి. కొత్తవి పెరిగాయి, పాతది తరిగింది. చేసింది కాపాడే పనే కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం.

న్యాయం చెప్పాలంటే మూపు మహసీర్‌కు ఇప్పటికీ దారి మూసుకుపోలేదు. వెంటనే నది వదిలి వడపోత యంత్రం ఉన్న కొలనుకు బదిలీ కోరుకోవాలి. ఎదురీత మానాలి, పిలవగానే నోరు తెరవాలి, వీలైతే వీపుమీద ఒక ఎర్రమచ్చ సంపాదించాలి. మూపు విషయంలో మాత్రం రాయితీ కష్టం. అందాల పోటీల్లో వెన్ను సాఫీగా ఉండాలన్నది నియమం.