బోర్డు మీద పేరు ఎవరిది?

రాజంపేట నుంచి వెళ్లి కువైట్‌లోని ఫర్వానియాలో మెస్ నడిపిన ఒకాయన నాకు దగ్గరి చుట్టం. మధ్యాహ్నం సంగటి, శుక్రవారం నాటుకోడి పులుసు, గోడకు మేకు కొట్టి తగిలించిన ఖాతా పుస్తకం. తలుపు పైన బోర్డు అరబిక్‌లో ఉండేది. అందులో ఆయనకు చదవొచ్చింది కిందున్న ఫోన్ నంబరొక్కటే. పేరు, లైసెన్సు కఫీల్‌వి, అంటే పూచీగా ఉండే అక్కడి పౌరుడివి. పెట్టుబడి, చాకిరీ ఈయనవి.

గల్ఫ్‌లో దెబ్బతిని మళ్లీ లేచినవాళ్ల కథలు చెప్పేటప్పుడు అందరూ గుండె ధైర్యం దగ్గరే ఆగిపోతారు. సీమోళ్లకు తెగువ ఎక్కువని మనమూ మురిసిపోతాం. నన్నడిగితే ముందు చూడాల్సింది కాగితం.

కువైట్ వాణిజ్య చట్టం ప్రకారం దుకాణంలో కనీసం 51 శాతం వాటా ఆ దేశ పౌరుడిది కావాలి. మొత్తం వాటా విదేశీయులే పెట్టుకునే వీలు 2013 పెట్టుబడుల చట్టంలో ఉంది గానీ, అది పెద్ద కంపెనీల ముచ్చట. మెస్సుకో టైలర్ షాపుకో మిగిలేది నోటిమాట బేరమే: లైసెన్సు నీది, లాభం నాది, నెలకు నీకిన్ని దీనార్లు. గిరాకీ బాగున్నన్నాళ్లు దీనికి ఢోకా లేదు. కఫీల్ పోయి కొడుకులు పెత్తనానికొచ్చినా, పక్కవాడెవడో నాలుగు దీనార్లు ఎక్కువిస్తానన్నా తాళం చేతులు మారుతుంది. కోర్టుకెళ్లి ఏమని చెప్పుకోవాలి? ఇళ్లలో పనికిచ్చే 20వ నంబరు వీసా మీద వెళ్లి బయట వ్యాపారం చేసుకునేవాడైతే నోరు తెరవగానే తనే దొరికిపోతాడు.

1990 ఆగస్టు 2న ఇరాక్ దాడి చేసినప్పుడు సుమారు లక్షా 70 వేల మంది భారతీయులను, ఎక్కువమందిని జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా, వెనక్కి తెచ్చారు. తర్వాత ఐక్యరాజ్య సమితి పరిహార కమిషన్, కువైట్ వదిలి వచ్చిన ఒంటరివాళ్లకు 2,500 లేదా 4,000 డాలర్లు ఇచ్చింది. దుకాణం పోయిందని వేరే అడగాలంటే మాత్రం అది తనదేనని రుజువు చూపాలి. కథ మళ్లీ కాగితం దగ్గరికే వచ్చింది.

మా చుట్టం 2020 ఫిబ్రవరిలో పెళ్లికని ఇంటికొచ్చాడు. మార్చిలో విమానాలు ఆగాయి. ఆగస్టులో మళ్లీ ఎగిరినా, భారత్ నుంచి నేరుగా రావద్దన్నారు. దుబాయ్ లాంటి చోట 14 రోజులుండి పోవాలి. ఈలోగా అద్దె బాకీ పడింది, కఫీల్ మెస్సును వేరేవాళ్లకిచ్చేశాడు. పొయ్యిలు, గ్రైండర్, గోడ మీది పుస్తకం దాంతోనే పోయాయి. పెట్టుబడికి తెచ్చిన నూటికి మూడు రూపాయల వడ్డీ మాత్రం ఇక్కడ ఆగలేదు. పేరే లేని వ్యాపారానికి ఏ బ్యాంకు అప్పిస్తుంది మరి?

ఆయన మళ్లీ నిలదొక్కుకున్నది మనుషుల వల్ల. బాకీ ఉన్న డ్రైవర్లు, మేస్త్రీలు కొందరు వాళ్లే ఫోన్ చేసి డబ్బు పంపారు. "పుస్తకం పోయింది గానీ, తిన్నోళ్లకు గుర్తుంది అబ్బీ" అన్నాడు. మిగతాది ఊరివాళ్లు కలిసి వేసుకునే చీటీ. ఆ చీటీకీ రాతకోతలు లేవు, అది వేరే సంగతి!

కాగితం సరిగ్గా ఉన్నంత మాత్రాన గట్టెక్కినట్టూ కాదు. చట్టప్రకారం 49 శాతం వాటా రాయించుకున్నవాళ్లకూ 2024 ఆగస్టులో టెన్షన్ పట్టుకుంది. ప్రైవేటు ఉద్యోగులకిచ్చే 18వ నంబరు వీసా మీదున్నవాళ్లు కంపెనీల్లో భాగస్వాములుగా చేరడాన్ని అక్కడి వాణిజ్య శాఖ నిలిపేసింది. మన వైపు చూస్తే ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది. ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వతంగా అంగవైకల్యం వస్తేనో 10 లక్షలు. మంచిదే. కానీ మనిషి క్షేమంగా ఉండి బతుకుదెరువు పోతే ఆ 10 లక్షలు రావు. కువైట్ పోయేముందు అరబిక్ ఒప్పందాన్ని తెలుగులో చదివి వినిపించే మనిషి రాజంపేటలో, రాయచోటిలో ఒక్కొక్కరున్నా సగం నష్టాలు మొదట్లోనే తప్పుతాయి.

రెండోసారి మెస్ తెరిచేముందు ఆయన ఆ కాగితాల ఫొటోలు నాకు పంపాడు. "నా పేరు యాడుందో చూడు అబ్బీ." ఫోన్‌లో తర్జుమా చేసి వెతికాను. ఉంది. పేరు పక్కన, వంటమనిషి అని.