సాయం సాధనం తయారీ దాకానేనా?

బల్బు వెలిగించేసరికి కరెంటు కొంత ‘ఖర్చయిపోతుంది’ అని బడిపిల్లల్లో చాలామంది అనుకుంటారు. అలా అనుకునే పెద్దలకూ కొదవ లేదు. బల్బుకు ముందూ తర్వాతా ప్రవాహం ఒకటేనని పుస్తకంలో ఎన్నిసార్లు చదివించినా ఆ నమ్మకం ఓ పట్టాన వదలదు. అదే, తెరమీద సర్క్యూట్‌ను తానే కలిపి, బల్బుకు ఇటొక అమ్మీటరు, అటొక అమ్మీటరు పెట్టి, రెండింటిలోనూ ఒకే అంకె కనబడితే పిల్లవాడు ఆగి ఆలోచిస్తాడు. సైన్స్ బోధనకు డిజిటల్ సాధనం చేయాల్సిన పని ఇది. పాఠాన్ని వీడియో తీసి, చివర నాలుగు క్విజ్ ప్రశ్నలు తగిలించడానికి ప్రజాధనం అక్కర్లేదు.

ఇలాంటి సాధనాల మీద పనిచేసే చిన్న సంస్థలకు బ్యాంకు అప్పు పుట్టదు. తాకట్టు పెట్టడానికి వాటి దగ్గర కోడ్ తప్ప ఏముంటుంది? ప్రైవేటు పెట్టుబడిదారులు ఇస్తారు గానీ, నెలనెలా యూజర్లు పెరగాలంటారు. ఆ టెన్షన్‌లో సర్క్యూట్ల సిమ్యులేషన్‌తో, అంటే తెరమీద చేసే ప్రయోగంతో, మొదలైన సంస్థ కాస్తా పరీక్షల కోచింగ్ యాప్‌గా తేలుతుంది. ప్రభుత్వ గ్రాంట్లు కావాలని మేం అంటున్నది అందుకే.

అమెరికా 1982లోనే చట్టం చేసింది. పెద్ద పరిశోధన బడ్జెట్లున్న ఫెడరల్ శాఖలు బయటి పరిశోధనకు ఇచ్చే నిధుల్లో కొంత వాటాను చిన్న సంస్థలకు కేటాయించాలన్నది దాని సారాంశం. తర్వాత్తర్వాత ఆ వాటా 3.2 శాతానికి చేరింది. ఇటీవలి ఏళ్లలో అక్కడి విద్యాశాఖ నమూనా తయారీకి 2,50,000 డాలర్ల దాకా, పూర్తి సాధనానికి, దాన్ని బడుల్లో పరీక్షించడానికి 10 లక్షల డాలర్ల దాకా ఇచ్చింది. బదులుగా కంపెనీలో వాటా అడగదు. మంచి ఏర్పాటే. అయితే మూడో దశకు, అంటే సాధనాన్ని మార్కెట్లోకి తెచ్చే దశకు, ఈ పథకం కింద పైసా రాదు. సంస్థలు చతికిలబడేది సరిగ్గా అక్కడే. బడులకు కొనుగోలు టెండరు పిలిచి, గత మూడేళ్ల టర్నోవరు చూపమంటే నిన్నగాక మొన్న పుట్టిన సంస్థ ఏం చూపుతుంది?

ఉచితంగా దొరికే సిమ్యులేషన్లు ఉండగా మళ్లీ ఈ ఖర్చెందుకన్న ప్రశ్న సహేతుకమే. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఉచిత సిమ్యులేషన్ల ప్రాజెక్టు ‘ఫెట్’ను ఎన్నో దేశాల టీచర్లు వాడుతున్నారు. దాన్నే రంగులు మార్చి మళ్లీ చేస్తామనే దరఖాస్తును మొదటి వడపోతలోనే పక్కన పెట్టాలి. కానీ టీచరుకు సిమ్యులేషన్ ఒక్కటే చాలదు. తమ సిలబస్‌కు అతికే వరుస కావాలి, ఏ పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో తెలియాలి, మొరాయిస్తే ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి. చిన్న సంస్థలకు పని ఉన్నది ఇక్కడే.

ఇక రుజువుల సంగతి. బ్రిటన్‌లో విద్యా సాంకేతిక కంపెనీల్లో 7 శాతమే తమ సాధనాలపై శాస్త్రీయమైన తులనాత్మక ప్రయోగాలు జరిపాయని యునెస్కో 2023 నివేదిక చెప్పింది. అమెరికాలోని 17 రాష్ట్రాల సర్వేలో, ఏదైనా సాధనాన్ని వాడకంలోకి తెచ్చేముందు నిపుణులు సమీక్షించిన ఆధారాలు అడిగిన టీచర్లు, అధికారులు 11 శాతమే. కొనేవాడు అడగడు, అమ్మేవాడు చూపడు.

కాబట్టి గ్రాంటులో ఒక భాగాన్ని కంపెనీకి కాకుండా, పరీక్షకు ముందుకొచ్చే బడులకే నేరుగా ఇవ్వాలి. మూల్యాంకనం కంపెనీతో సంబంధం లేనివాళ్లు చేయాలి. ఫలితం బాగున్నా లేకున్నా బయట పెట్టాలి. నెగ్గిన సాధనానికి కనీసం ఒక విడత కొనుగోలుకు హామీ ఉండాలి, దానికి టర్నోవరు నిబంధన సడలించాలి. ఎంపిక కమిటీల్లో ఇప్పుడు పాఠాలు చెబుతున్న సైన్స్ టీచర్లు ఇద్దరైనా ఉండాలి. నలభై నిమిషాల పీరియడ్‌లో పావుగంట లాగిన్‌లకే పోతుందని డెమో చూడగానే పసిగట్టేది వాళ్లే.