సూరత్ రైలెక్కక ముందే చెప్పాల్సిన పాఠం

గంజాం జిల్లాలో హెచ్‌ఐవీ మాటెత్తితే చాలు, చర్చ నేరుగా సూరత్ పోతుంది. పవర్‌లూమ్ పనికెళ్లిన మగవాళ్లు అక్కడ అంటించుకున్నారు, పండక్కి ఇంటికొచ్చి భార్యలకి అంటించారు, అంతే. అబద్ధమేం కాదు, ఒడిశాలో హెచ్‌ఐవీ ఎక్కువున్న జిల్లాల్లో గంజాం ఎప్పుడూ ముందే ఉంటుంది, దానికి వలస పెద్ద కారణం. అందుకే ఇన్నేళ్ల ప్రచారమంతా వలస కూలీల చుట్టూ, వాళ్ల భార్యల చుట్టూ తిరిగింది. రేపో మాపో అదే పూరీ-అహ్మదాబాద్ రైలెక్కబోయే తొమ్మిదో తరగతి కుర్రాడిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

కాలేజీల్లో హెచ్‌ఐవీ గురించి చెప్పే రెడ్ రిబ్బన్ క్లబ్బులున్నాయి కదా అంటారు. ఉన్నాయి, మంచిదే. గోపాల్‌పూర్ తీరంలోని మన తెలుగు మత్స్యకారుల పల్లెల నుంచి ఎంతమంది మగపిల్లలు కాలేజీ దాకా వస్తున్నారో కూడా చూడాలి కదా. మెట్రిక్ పాసైనా ఫెయిలైనా బాబాయో మామయ్యో పని చూపించిన ఊరికి వెళ్లిపోయేవాళ్లే చాలామంది, ఇటు ఆడపిల్లకి సంబంధాలు చూడటం మొదలైపోతుంది. కాబట్టి సెక్స్ గురించి, హెచ్‌ఐవీ గురించి చెప్పాల్సింది హైస్కూల్లోనే, అదీ ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో.

కాగితం మీద ఇదంతా ఎప్పుడో ఒప్పుకున్నదే. 2005లో కేంద్ర విద్యాశాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) కలిసి స్కూళ్లలో కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టాయి. 2007 వచ్చేసరికి గొడవైంది, మహారాష్ట్రతో సహా కొన్ని రాష్ట్రాలు ఆపేశాయి. 2009లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ (అప్పుడు దాని ఛైర్మన్ మన వెంకయ్యనాయుడే) స్కూళ్లలో సెక్స్ ఎడ్యుకేషన్ వద్దంది, పెళ్లికి ముందు సెక్స్ తప్పనే మాట పిల్లలకి చెప్పమంది. గంజాంలో కూర్చుని ఆ సలహా వింటే ఏమనాలో తెలియదు. ఇక్కడ ఈ జబ్బు వచ్చిన ఆడవాళ్లలో చాలామంది పెళ్లి దాకా ఆగినవాళ్లే, పెళ్లయ్యాక మొగుడు తప్ప ఇంకో మనిషిని ఎరగనివాళ్లే. వాళ్లకి జబ్బు వచ్చిందే పెళ్లి వల్ల. కండోమ్ అడగొచ్చని, ఇద్దరూ టెస్ట్ చేయించుకోవచ్చని స్కూల్లో ఉండగా ఒక్క టీచర్ చెప్పి ఉంటే కొందరైనా నోరు తెరిచి అడిగేవారేమో.

మళ్లీ 2020లో ఆయుష్మాన్ భారత్ స్కూల్ హెల్త్ కార్యక్రమం వచ్చింది. పదకొండు అంశాల్లో పునరుత్పత్తి ఆరోగ్యం, హెచ్‌ఐవీ నివారణ ఒకటి, స్కూలుకి ఇద్దరు టీచర్లకి శిక్షణ అన్నారు. ఈ మాట క్లాసు గది దాకా వచ్చేసరికి ఏమవుతుందో చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. "ఈ చాప్టర్ ఇంటి దగ్గర చదువుకోండి" అని సారు పేజీలు తిప్పేస్తారు. పైగా మన పిల్లలకి పుస్తకం ఒడియాలో, ఇంట్లో మాట తెలుగులో, సందేహమేమో ఏ భాషలోనూ అడగలేనిది. మిగిలింది ఫోను. అందులో ఏం చూస్తున్నారో మనకి తెలియదనుకుంటే మన అమాయకత్వమే.

నేర్పితే చెడిపోతారనే భయం పాతదే. యునెస్కో 2018లో అనేక దేశాల అధ్యయనాలు పరిశీలించి, ఈ పాఠాల వల్ల పిల్లలు తొందరపడి సెక్స్ మొదలుపెట్టడం లేదని తేల్చింది.

నా అసలు పేచీ పాఠం చెప్పే తీరుతో. ఎక్కడైనా ధైర్యం చేసి చెప్పినా, పుర్రె బొమ్మ, 'ఎయిడ్స్ అంటే మరణం' తరహాలో భయపెట్టి వదిలేస్తారు. గంజాంలాంటి జిల్లాలో అదే క్లాసులో పుట్టుకతోనే హెచ్‌ఐవీ ఉన్న పిల్లో పిల్లాడో కూర్చుని ఉండొచ్చు, రోజూ మాత్ర వేసుకుని వచ్చి ఉండొచ్చు. నాన్న బరంపురం ఎంకేసీజీ ఆస్పత్రిలో హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు తీసుకుంటున్న సంగతి తెలిసిన పిల్ల ఉండొచ్చు. ఆ పిల్లలు కూడా వింటున్నారని గుర్తుపెట్టుకుని పాఠం చెబితే ఏం చెప్పాలో దానంతటదే తేలుతుంది. ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు 2004 నుంచి ఉచితం. మానకుండా వాడి, రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గి అలాగే నిలబడితే సెక్స్ ద్వారా ఇంకొకరికి అంటదు. తల్లి మందులు సరిగ్గా వాడితే బిడ్డకి రాకుండా చాలావరకు ఆపొచ్చు. హెచ్‌ఐవీ అంటుకునే ప్రమాదం జరిగిందనిపిస్తే 72 గంటల్లోపు ఆస్పత్రికి వెళ్తే రాకుండా మందులిస్తారు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందని పిల్లల్ని స్కూలు నుంచి పంపేయకూడదు. అనుమానం ఉంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు. ఇందులో బూతు ఎక్కడుంది? చావంటే భయపడినవాడు టెస్టుకి వెళ్లడు, మందు ఉందని తెలిసినవాడు వెళ్తాడు.

టీచర్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది, ఊళ్లో పెద్దలొచ్చి అరిస్తే హెడ్‌మాస్టర్ కూడా పక్కన నిలబడడు. ఆ భారమంతా సైన్స్ సారు మీదే వేయక్కర్లేదు. హెచ్‌ఐవీ టెస్టు చేసే ఐసీటీసీ కేంద్రాల్లో కౌన్సిలర్లున్నారు, వాళ్లని నెలకోసారి స్కూలుకి పంపొచ్చు. తెలుగు వచ్చినవాళ్లయితే ఇంకా మేలు. ఆడపిల్లలకి విడిగా ఒక పీరియడ్, పేరు రాయకుండా ప్రశ్న వేసేందుకు ఒక డబ్బా, వీటికి బడ్జెట్ కూడా పెద్దగా అక్కర్లేదు. ఇంతా చేసి ఎవరూ పట్టించుకోకపోతే మెట్రిక్ పరీక్షలో ఏటా ఐదు మార్కుల ప్రశ్న ఒకటి దీని మీద ఇవ్వండి, ఇంటి దగ్గర చదువుకోమన్న సారే గైడు తెరిచి చెబుతారు, ట్యూషన్‌లో కూడా.