బహుమతి మరుసటి ఏడాది శిక్షణకు ఆసరా కావాలి

పాటల పోటీలో గెలిచిన విద్యార్థికి జ్ఞాపిక, ప్రశంసాపత్రం, శాలువా ఇచ్చి పంపించే ఆనవాయితీని మార్చుకోవాలని పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లోని నిర్వాహకులను, దాతలను కోరుతున్నాం. సంగీతం ఏళ్ల తరబడి సాధన చేయవలసిన విద్య. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో వచ్చి గెలిచిన అమ్మాయికి మరునాటి నుంచి గురువుకిచ్చే ఫీజు, బస్సు చార్జీలు, శ్రుతిపెట్టె ఖర్చు ఎదురవుతాయి. బహుమతి సొమ్మును ఒక్కసారిగా చేతికివ్వడానికి బదులు ఏడాది పొడవునా శిక్షణ రుసుముగా నెలనెలా చెల్లిస్తే, గెలుపు ఆ ఒక్క సాయంత్రంతో ముగిసిపోదు.

దీనికి నమూనా మన ముందే ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ పరిధిలోని సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం 10 నుంచి 14 ఏళ్ల పిల్లలను ఎంపిక చేసి, డిగ్రీ వయసు దాకా ఉపకారవేతనం కొనసాగించే పథకాన్ని చాలాకాలంగా నడుపుతోంది. సంప్రదాయ కళాకారుల కుటుంబాల పిల్లలకు అందులో ప్రత్యేకంగా స్థానాలు కేటాయించారు. ఈ పథకం సంగతి మన పల్లె బడులకు చేరవేయడం కూడా నిర్వాహకులు చేయదగిన మేలే.

పోటీ జరిపే తీరునూ సరిదిద్దుకోవాలి. రికార్డు చేసిన ట్రాక్ మీద సినిమా పాటను అచ్చు గుద్దినట్టు పాడితే అనుకరణ శక్తి తెలుస్తుందే గాని, శ్రుతి నిలుపుకోవడం, తాళం తప్పకపోవడం, పద్యంలో మాట విరగకుండా రాగం తీయడం తెలియవు. హార్మోనియం, తబలా తోడుగా ఉంచి, అప్పటికప్పుడు ఇచ్చిన ఒక పద్యాన్ని పాడించి చూడాలి. గెలవని పిల్లలకు సైతం లోపం ఎక్కడుందో న్యాయనిర్ణేతలు నాలుగు వాక్యాలు రాసివ్వాలి. నిజానికి మొదటి బహుమతి కంటే ఆ కాగితమే ఎక్కువ మందికి పనికొస్తుంది.

12 మెట్ల కిన్నెరతో దర్శనం మొగులయ్యకు 2022లో, బుర్ర వీణతో దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ లభించింది. ఇద్దరూ ఉమ్మడి పాలమూరు జిల్లా బిడ్డలే. దేశం గుర్తించిన ఈ వాద్యాలను మన పిల్లలు నేర్చుకుని వాయించేందుకు స్థానిక పోటీల్లో విభాగం ఉండదంటే అది మనందరి లోటు. 2015లో మొదలైన, బడి పిల్లల జాతీయ పోటీ అయిన కళా ఉత్సవ్‌లో జానపద సంగీతానికి, నృత్యానికి చోటు కల్పించారు. జిల్లా స్థాయి పోటీల్లో కిన్నెర, ఒగ్గు కథ, చిందు యక్షగానాలకు విడి బహుమతులు ప్రకటించడం అసాధ్యమేమీ కాదు. వాటిని నేర్పే వృద్ధ కళాకారులకు గౌరవ వేతనం చెల్లించి, శిష్యుడి బహుమతిలో గురువుకూ భాగమివ్వాలి.

నాటక విద్యార్థుల పరిస్థితి మరింత కష్టం. పాటగాడు ఒక్కడే వచ్చి పాడగలడు. నాటకానికి పది పదిహేను మంది, వారాల తరబడి రిహార్సళ్లు, ఆహార్యం, రంగాలంకరణ, దీపాలు, ప్రయాణం, భోజనాలు కావాలి. ఉత్తమ నటుడికి, ఉత్తమ నటికి బహుమతి ఇచ్చి తెర వెనుక శ్రమించిన పిల్లలను విస్మరించడం అన్యాయం. ప్రదర్శన ఖర్చులో కొంత భాగాన్ని గెలుపోటములతో నిమిత్తం లేకుండా పాల్గొన్న ప్రతి బృందానికీ ముందుగానే అందించాలి. లేకపోతే స్తోమత ఉన్న పట్టణ కళాశాలలే ఏటేటా వేదికెక్కుతాయి.

పోటీ ప్రకటనలు కనీసం రెండు నెలల ముందు, పరీక్షల కాలానికి దూరంగా వెలువడాలి. బహుమతి మొత్తం ఎంతో, అది ఏ తేదీకి విద్యార్థి ఖాతాలో పడుతుందో ఆ ప్రకటనలోనే రాయాలి.