బెండకు తొందర, కొత్తిమీరకు ఆలస్యం

టొరంటో చుట్టుపక్కల మన తెలుగువాళ్ల పెరటి సాగు మీద నాకు చాలాకాలంగా ఉన్న అభ్యంతరం ఒక్కటే. చలిని కోరుకునే మొక్కలను మనం ఆలస్యంగానూ, వేడిని కోరుకునేవాటిని తొందరపడీ వేస్తున్నాం. ఏప్రిల్‌లో రెండు రోజులు గట్టిగా ఎండ కాయగానే వాట్సాప్ గ్రూపులన్నీ బెండ విత్తనాలు, వంగ నారు గురించిన ప్రశ్నలతో నిండిపోతాయి. సరిగ్గా అప్పుడే నేలలో పడవలసిన కొత్తిమీర, మెంతి, ముల్లంగి, బఠాణీల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. వాటిని జూన్‌లో తీరిగ్గా చల్లి, జానెడు ఎదగకముందే పూతకు వచ్చేశాయని విత్తనాన్ని తిట్టుకుంటారు.

ఇందులో విత్తనం తప్పేమీ లేదు. బఠాణీ మొలవడానికి నేల వేడి 5 డిగ్రీలు ఉంటే చాలు, మొలిచాక చిన్నపాటి మంచును కూడా ఆ మొక్క తట్టుకుంటుంది. కొత్తిమీరకు ఎండా, పొడవాటి పగళ్లూ తోడైతే అది ఆకు మానేసి కాడ తీస్తుంది. ఇక్కడ మే మొదటివారానికే పగలు 14 గంటలవుతుంది, జూన్ మూడో వారానికి 15 గంటలు దాటుతుంది. అందుచేత మంచు కరిగి, పిడికిట పట్టి పిసికిన మట్టి ముద్దకట్టకుండా పొడిపొడిగా రాలే రోజు రాగానే, అంటే చాలా ఇళ్లలో ఏప్రిల్ నడిమికల్లా, వంటింటి డబ్బాలోని మెంతులు, నలిపి రెండు బద్దలు చేసిన ధనియాలు చల్లేయాలి. రెండు వారాలకొకసారి మరికొన్ని చల్లుతూ మే నడిమికి ఆపి, మళ్లీ ఆగస్టు చివర మొదలుపెడితే మంచు పడేదాకా కొత్తిమీర కొనవలసిన పని ఉండదు.

ఇక తొందర సంగతి. ఇక్కడి పాత తోటమాలులు టమాటా, మిరప నాటడానికి విక్టోరియా డేని, అంటే మే 25కు ముందు వచ్చే సోమవారాన్ని, గుర్తుగా పెట్టుకుంటారు. ఒంటారియో సరస్సు ఒడ్డున ఉన్న ఇళ్లకు, ఆకుల మీద గడ్డకట్టి మొక్కను చంపే ఆఖరి మంచు కొంచెం ముందే వెళ్లిపోతుంది గానీ, మనవాళ్లు ఎక్కువగా ఉండే బ్రాంప్టన్, మిల్టన్ వంటి లోపలి ఊళ్లలో మే నడిమి దాటాక కూడా ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడని రాత్రి మంచు పడవచ్చు. ఫోనులో 3 డిగ్రీలు చూపించింది కదా అని నిశ్చింతగా పడుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ లెక్క మనిషి ఎత్తున ఉన్న గాలిది, నేలను అంటిన ఆకు అంతకన్నా చల్లబడుతుంది. అలాంటి రాత్రి పాత దుప్పటి కప్పితే మొక్క బతుకుతుంది. ప్లాస్టిక్ కవరు ఆకుకు తగిలితే మాత్రం తగిలినచోటల్లా మాడుతుంది.

అయితే మంచు వెళ్లిపోయినంత మాత్రాన నేల వేడెక్కినట్టు కాదన్నదే నా అసలు వాదన. బెండ గింజకు నేలలో కనీసం 18 డిగ్రీల వేడి కావాలి. అది లేకుండా విత్తితే గింజ చల్లటి తడిలో నానుతూ కుళ్లిపోతుంది. చల్లటి నేలలో నాటిన టమాటా వేళ్లు భాస్వరాన్ని సరిగా తీసుకోలేవు కనుక ఆకుల అడుగు ఊదారంగుకు తిరుగుతుంది. అది చూసి ఎరువు చాలలేదనుకుని మరింత పోసేవారిని చూస్తే నాకు జాలేస్తుంది. పొద్దున్నే వేలెడు లోతున థర్మామీటరు గుచ్చి చూస్తే ఈ సందేహాలన్నీ తీరిపోతాయి. ముందే గడ్డి పరవడం కూడా మంచిది కాదు, అది ఎండను నేలకు తగలనివ్వదు. జూన్ మొదటివారంలో, రాత్రంతా నానబెట్టి విత్తిన బెండ వారం పది రోజుల్లో మొలిచి, మే మొదట్లో విత్తగా బతికి బట్టకట్టిన బెండను తేలిగ్గా దాటిపోతుంది. మన లెక్కలో చెప్పాలంటే అది రోహిణీ కార్తె. అక్కడ మన ఊళ్లలో రోళ్లు పగిలే ఎండలు కాసే ఆ కార్తెలోనే ఇక్కడ నేల బెండకు అదనుకు వస్తుంది.

సొర, బీర, కాకరల సంగతి వేరు. వాటికి ఇక్కడి వేసవి చాలదు గనుక ఏప్రిల్ ఆఖరున ఇంట్లోనే కుండీల్లో మొలకెత్తించి, వేళ్లు కదలకుండా జూన్‌లో నేలకు దించాలి. అలా ఇంట్లో పెరిగిన ఏ మొక్కనైనా, ఏడాది పొడవునా ముద్దుగా చూసుకునే కరివేపాకు కుండీతో సహా, ఒక వారం పది రోజులు మొదట నీడలో, తరువాత కాస్త కాస్త ఎండలో పెట్టి అలవాటు చేయాలి. కరివేపాకును రాత్రి వేడి 10 డిగ్రీల పైన నిలకడగా ఉన్నప్పుడే బయట వదలాలి. ఏప్రిల్‌లోనే టమాటా నారు వాకిట్లో పేర్చి అమ్మే దుకాణాలు ఈ మాట చెప్పవు. మొదటి నారు చస్తే రెండోసారి కొనేది వాళ్ల దగ్గరే కదా!

గోంగూర విషయంలో మాత్రం ఈ పొడవాటి పగళ్లు మనకు మేలే చేస్తాయి. పగలు కురచబడితే తప్ప అది పూతకు రాదు కనుక వేసవంతా ఆకు ఇస్తూనే ఉంటుంది. అదే గుణం పాదు చిక్కుడులో శాపమవుతుంది. మన ఊళ్ల నుంచి వచ్చిన చాలా రకాలు సెప్టెంబరు దాకా కంచెంతా అల్లుకుని, అప్పుడు తీరిగ్గా పూసి, కాయ ముదిరేలోపు మంచుకు బలవుతాయి. వాటిని ఎంత ముందు విత్తినా ప్రయోజనం లేదు. పగటి పొడవుతో పని లేని పొట్టి రకాలు ఉన్నాయి, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. అందుకే చిక్కుడు ఎప్పుడు వేయాలని ఎవరైనా అడిగితే, తారీఖు చెప్పేముందు వాళ్ల దగ్గరున్నది ఏ రకమో అడుగుతాను. పాదు రకమైతే ఆ చోట బీర పెట్టుకోమంటాను.