లెక్కలొక్కటే వస్తే ఎన్డీఏ రాదు

లెక్కలు బాగా వచ్చిన ఎంపీసీ పిల్లలకు ఎన్డీఏ, అంటే త్రివిధ దళాల అధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్ష, తేలికేనని ఒక వ్యాసంలో రాశారు. మన పిల్లలు దెబ్బతినేది ఆ నమ్మకంతోనే. లెక్కల పేపరు 300 మార్కులే, జనరల్ ఎబిలిటీ 600. అందులో ఇంగ్లిష్ ఒక్కటే 200. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్)‌లో మైనస్ మార్కుల్లేవు కాబట్టి చివర్లో మిగిలినవన్నీ గుడ్డిగా పెట్టేయడం అలవాటు. ఇక్కడ లెక్కల్లో తప్పుకు 0.83, రెండో పేపర్లో 1.33 పోతాయి. రెండున్నర గంటల్లో 120 లెక్కలు, అంటే ఒక్కోదానికి 75 సెకన్లు. ఇంటర్ మొదటి ఏడాది నుంచే గడియారం ముందు పెట్టుకుని చేయాలి.

అసలు వడపోత ఎస్‌ఎస్‌బీలో (రాతపరీక్ష తర్వాత జరిగే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూ), అదీ 900 మార్కులు. మొదటి రోజే మసకబొమ్మ అరనిమిషం చూపిస్తారు, నాలుగు నిమిషాల్లో కథ రాసి, తర్వాత గుంపులో మాట్లాడాలి. బట్టీ కథలు అక్కడే దొరికిపోతాయి. హాస్టల్లో నోరు విప్పని పిల్లవాడికి ఇది నెలలో రాదు. రోజూ ఇంగ్లిష్ పేపరు చదివించి, ఒక వార్త మీద రెండు నిమిషాలు మాట్లాడించండి.

పదో తరగతి అవగానే కళ్లు, రంగుల గుర్తింపు, పాదాలు డాక్టరుకు చూపించండి. రంగుల లోపం కోచింగ్‌తో పోదు. బైపీసీ వాళ్లకు ఆర్మీ మాత్రమే, లెక్కల పేపరు మాత్రం తప్పదు.