అనుమానానికి జవాబేదీ?

వరండా గోడకు బిగించిన కరెంటు మీటరులో చిన్న ఎర్ర దీపం ఒకటి ఆగి ఆగి వెలుగుతుంటుంది. బిల్లు చేతికొచ్చిన సాయంత్రం ఫ్యాన్లు, లైట్లు అన్నీ కట్టేసి ఇల్లాలు ఆ దీపం ముందు నిలబడి చూస్తుంది. కాసేపటికి అది మళ్లీ వెలుగుతుంది. 'ఏమీ వాడకపోయినా తిరుగుతోంది చూడు వదినా' అని పక్కింటావిడను పిలుస్తుంది. చక్రం తిరిగే పాత మీటర్లు తీసేసి ఎలక్ట్రానిక్ మీటర్లు పెట్టిన నాటి నుంచి తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా వినిపిస్తున్న మాటే ఇది. స్మార్ట్ మీటర్ల ఊసు మొదలయ్యాక మరింత ముదిరింది. లైన్‌మన్‌ను అడిగితే 'మీటరు కరెక్టేనమ్మా, మీరే ఎక్కువ కాల్చుంటారు' అంటాడు. ఆఫీసుకు వెళ్తే అర్జీ పెట్టుకోమంటారు, ఫీజు కట్టమంటారు. ఆమె ఇంటికొచ్చి ఒక నిర్ణయానికి వస్తుంది: కొత్త మీటరు మోసం.

ఇలాంటి మాటలు వింటే చదువుకున్నవాళ్లు నవ్వుకుంటారు. జనానికి సైన్సు తెలీదు, చెప్పినా ఎక్కదు అని తేల్చేస్తారు. మేము దీన్ని ఒప్పుకోం. స్విచ్చులన్నీ కట్టేసి దీపం వంక చూడడమంటే ఆమె ఒక పరీక్ష పెట్టింది. ప్రయోగశాలల్లో చేసేదీ అదే కదా, మిగతావన్నీ ఆపి ఒక్కదాన్ని గమనించడం. ఆమె పరీక్ష సగంలో ఆగిపోయింది. మిగతా సగం చెప్పవలసినవాళ్లు చెప్పలేదు.

ఆ సగమేమిటో మేము చెబుతాం. పాత మీటరులో అల్యూమినియం చక్రం తిరిగేది. దానికి రాపిడి ఉండేది, ఏళ్లు గడిచేకొద్దీ ఆ రాపిడి పెరిగేది. చిన్న చిన్న లోడ్లకు ఆ చక్రం కదిలేదే కాదు. ఎలక్ట్రానిక్ మీటరుకు తిరిగే భాగం లేదు కాబట్టి అది ఆ చిన్న లోడ్లను కూడా వదలదు. రిమోటుతో ఆపేసిన టీవీ, దాని పక్కన సెట్‌టాప్ బాక్సు, ప్లగ్గులోనే వదిలేసిన చార్జరు, ఇవన్నీ ఇప్పుడు లెక్కలోకి వస్తాయి. ఒక పెట్టె పది వాట్లు తాగుతూ రోజంతా ఉంటే నెలకు 7 యూనిట్లు. ఆ ఏడు యూనిట్లతో కింది శ్లాబు దాటితే దాటినవాటికి రేటే మారిపోతుంది. అంటే 'పాత మీటరుకు తక్కువ వచ్చేది, కొత్తదానికి ఎక్కువ వస్తోంది' అన్న ఇల్లాలి మాట చాలా ఇళ్లలో నిజమే. కొత్త మీటరు ఎక్కువ తిరగడం వల్లనే అలా జరిగిందని అనుకోనక్కర్లేదు. పాతదే తక్కువ తిరిగి ఉండొచ్చు. మీటర్లు మార్చే ముందే ఈ ముక్క చెప్పి ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

మీటరు సరిగా ఉందో లేదో తేల్చుకునే దారి కూడా ఆ ఎర్ర దీపంలోనే ఉంది. చాలా ఇళ్ల మీటర్ల మీద 3200 ఇంప్/కిలోవాట్ అవర్ అని ముద్రించి ఉంటుంది. కొన్నింటి మీద 1600 ఉంటుంది. ఒక యూనిట్ కాలడానికి దీపం అన్నిసార్లు వెలుగుతుందని దానికి అర్థం. ఇంట్లో అన్నీ ఆపి, బకెట్లో నీళ్లు కాచే వెయ్యి వాట్ల రాడ్డు ఒక్కటే పెట్టి ఒక నిమిషం లెక్కపెడితే 3200 మీటరులో దీపం సుమారు 53 సార్లు వెలగాలి. వోల్టేజీ తక్కువుంటే ఇంకాస్త తగ్గుతుంది. 53కు బదులు 70, 80 వస్తే ఆ మీటరును నిలదీయాల్సిందే. ఇక ఇంటి మెయిన్ స్విచ్ కట్టేసినా దీపం వెలుగుతుంటే తప్పు ఇంట్లో లేదు, మీటరులోనో ఆ మధ్య తీగలోనో ఉంది. ఏడో తరగతి పిల్ల చేయగల లెక్క ఇది. మీటరుతో పాటు ఒక కాగితం మీద తెలుగులో రాసిస్తే కరెంటు పంపిణీ చేసే డిస్కంలకు అయ్యే ఖర్చెంత?

చదువు లేకపోతే పరీక్షించే బుద్ధి ఉండదనుకునేవాళ్లు ఒకసారి టీ కొట్టు దగ్గర నిలబడి చూడాలి. ఫోనుతో డబ్బు పంపిన గిరాకీ దాన్ని తిప్పి 'పోయాయి అన్నా' అని తెర చూపిస్తే కొట్టాయన దానివంక చూడడు. డబ్బు పడిందని చెప్పే సౌండ్ పెట్టె పలికేదాకా ఆగుతాడు. తెర మీది బొమ్మను ఎవడైనా తయారుచేయగలడని, తన పెట్టె పలికితేనే డబ్బు తన ఖాతాలో పడినట్టని ఆయనకు తెలుసు. ఎదుటివాడు చూపించే సాక్ష్యం వేరు, తన దగ్గరున్న సాక్ష్యం వేరు అన్న తేడాను ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఒకటి రెండుసార్లు దెబ్బతిని నేర్చుకున్నాడు.

మరి ఇదే జనం గ్రహణం నాడు ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి దండం ఎందుకు పెడుతున్నారు? ఈ ప్రశ్న దాటవేయడం మాకు ఇష్టం లేదు. గ్రహణం వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక ఊళ్లో రోకలి నిలబడుతుంది, ఆ వీడియో ఊళ్లు దాటుతుంది. రోకలి అడుగున ఉండే ఇనుప పొన్ను సమంగా ఉంటే, ఓపిగ్గా సర్దితే, అది అమావాస్యకూ నిలబడుతుంది, ఆదివారానికీ నిలబడుతుంది. కానీ మామూలు రోజున ఎవరూ నిలబెట్టి చూడరు. అక్కడ లోపించింది ఆ ఒక్క అడుగే. మీటరు ముందు నిలబడినప్పుడు ఆమెకు ఉన్న పట్టుదల రోకలి ముందు ఎందుకు లేదంటే, రోకలి ఆమె డబ్బు అడగలేదు. నమ్మితే నష్టం లేదనిపించిన చోట ఎవరైనా తేలిగ్గా నమ్ముతారు. ఈ విషయంలో పత్రికలు, చానళ్లు తలదించుకోవాల్సింది చాలా ఉంది. నిలబడ్డ రోకలిని చూపించినవాళ్లం మర్నాడు అదే రోకలిని అదే పళ్లెంలో నిలబెట్టి చూపించలేదు.

ఆ గ్రహణం ఎన్ని గంటలకు పట్టి ఎన్ని గంటలకు విడుస్తుందో మాత్రం అందరూ నమ్ముతారు. 2025 సెప్టెంబరు 7 రాత్రి చంద్రుడు ఎర్రబడే వేళ పంచాంగంలో ముందే ఉంది, ఆకాశంలోనూ ఆ వేళకే జరిగింది. ఆ నమ్మకం గుడ్డిది కాదు. తాతల నాటి నుంచి ప్రతిసారీ సరిపోతూ వచ్చింది కాబట్టి నిలిచింది. హైదరాబాదు దగ్గర జపాల్‌-రంగాపూర్ వేధశాల నుంచి 1980 ఫిబ్రవరి 16న శాస్త్రవేత్తలు సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలిస్తున్న వేళ, చుట్టుపక్కల జనం తలుపులు వేసుకుని ఇళ్లలో కూర్చున్నారు. ఇద్దరూ నమ్మింది ఒకే లెక్కను. బయటికి వస్తే ఏమవుతుందన్న దగ్గరే దారులు వేరయ్యాయి.

అనుమానానికి జవాబు చెప్పకపోతే ఎంత దూరం పోతుందో తెలియాలంటే అప్పటి ఖమ్మం జిల్లాలో జరిగింది చూడాలి. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. భారత వైద్య పరిశోధన మండలితో కలిసి పాత్ అనే విదేశీ సంస్థ నడిపిన ప్రాజెక్టు అది. గుజరాత్‌లో వడోదర దగ్గర కూడా జరిగింది. పిల్లల్లో చాలామంది గిరిజన సంక్షేమ హాస్టళ్లలో చదివేవాళ్లు, తల్లిదండ్రులు ఎక్కడో గూడెంలో ఉండేవాళ్లు. తరువాత విచారణలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. మరో 1,948 మీద వేలిముద్రలున్నాయి. కన్నతల్లికి కబురే లేకుండా వార్డెను సంతకంతో బిడ్డ చేతికి సూది దిగింది.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ మరణాల మీద కేంద్రం వేసిన కమిటీ పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా లాంటి కారణాలను చూపింది. టీకాకూ వాటికీ సంబంధం కనిపించలేదంది. దాన్ని కాదనడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు. కానీ అదే విచారణ అంగీకారం తీసుకున్న తీరు తప్పని కూడా చెప్పింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇంకా గట్టిగా తప్పుపట్టింది. అప్పటికే ఆలస్యమైపోయింది. తమను అడక్కుండా వేసిన టీకా పిల్లల్ని చంపలేదని, ఆ అడగనివాళ్లే వచ్చి చెబితే ఏ గూడెం నమ్ముతుంది? మనమైతే నమ్ముతామా?

ఇందులో మాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ టీకా మంచిది కావడమే. ఆస్ట్రేలియా 2007 నుంచి ఆడపిల్లలకు దాన్ని వేస్తోంది. స్కాట్లండ్‌లో 12, 13 ఏళ్లప్పుడు టీకా వేయించుకున్న అమ్మాయిల్లో ఆ కాన్సర్ ఒక్కరికీ రాలేదని 2024లో పరిశోధకులు ప్రకటించారు. మన దేశంలో ఏటా లక్ష మందికి పైగా ఆడవాళ్లు ఆ జబ్బు బారిన పడుతున్నారు, డెబ్బై వేల మందికి పైగా చనిపోతున్నారు. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం చెప్పింది. మంచిదే. అయితే భద్రాచలం ఏజెన్సీలో ఆ సూది పేరెత్తే ఆరోగ్య కార్యకర్త, అంటే ఏఎన్ఎం ముందు 2010 వచ్చి నిలబడుతుంది. అక్కడ తల్లులు వద్దంటే దాన్ని అజ్ఞానమనకూడదు. వాళ్లకు జ్ఞాపకం ఉంది.

దెబ్బతిన్న నమ్మకాన్ని తిరిగి కట్టుకోవచ్చనడానికి పోలియో సాక్ష్యం. ఉత్తరప్రదేశ్, బిహార్ పల్లెల్లో చుక్కల మందు వేస్తే పిల్లలు పుట్టరన్న పుకారు బలంగా పాకింది. ఆ పుకారు వెనక ఒక ప్రశ్న ఉంది: 'మా బిడ్డకు జ్వరమొస్తే ఆస్పత్రిలో పలికే దిక్కులేదు, ఈ ఒక్క మందే ఇంటింటికీ ఎందుకు మోసుకొస్తున్నారు?' న్యాయమైన ప్రశ్న. పైనుంచి హుకుం జారీచేస్తే దానికి జవాబు కాలేదు. ఆ వీధి ఆడవాళ్లనే తోడు తీసుకుని, మసీదు పెద్దలతో మాట్లాడించి, వద్దన్న ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లి కూర్చుంటే అయింది. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది. 2014 మార్చిలో పోలియో లేని దేశంగా గుర్తింపు వచ్చింది.

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే కరోనా నాటుమందు కోసం వేలమంది బారులు తీరినప్పుడు జనాన్ని తిట్టినవాళ్లు ఎందరో. ఆ మందు పనిచేస్తుందనడానికి రుజువు లేదని మేము నాడూ అన్నాం, నేడూ అంటాం. కానీ అదే నెల 10న తిరుపతి రుయా ఆస్పత్రిలో ప్రాణవాయువు అందక 11 మంది చనిపోయారు. పడక దొరకనివాడు, దొరికినా లక్షలు కట్టలేనివాడు ఆ వరసలో నిలబడ్డాడు. వాడికి చూపించాల్సింది సైన్సు పాఠం కన్నా ముందు ఒక పడక.

మీటరు మీద అనుమానమనేది చాలాసార్లు మీటరు పెట్టినవాళ్ల మీద అనుమానమే. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెడతామన్నప్పుడు రైతు భయపడింది యూనిట్ల లెక్క తప్పుతుందని కాదు. లెక్క మొదలైతే ఏదో ఒకనాడు బిల్లు మొదలవుతుందని భయపడ్డాడు. అలాంటి భయానికి ఇంజినీరు జవాబు చెప్పలేడు. చట్టసభలో నిలబడి రాతపూర్వకంగా మాట ఇవ్వాల్సినవాళ్లు చెప్పాలి.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల విధి అని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో రాసుకున్నాం. ఆ మాటను ఎప్పుడూ జనం వైపే వేలు చూపడానికి వాడుతున్నాం. ప్రశ్న వేయడం పౌరుడి విధి అయితే, దానికి ఓపిగ్గా జవాబు చెప్పడం ఆఫీసుల విధి కావాలి. పల్లెలో సైన్సు అంటే లైన్‌మన్, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, వ్యవసాయ విస్తరణాధికారి. వాళ్ల చేతికి మనం టార్గెట్లు ఇచ్చాం: ఇన్ని మీటర్లు, ఇన్ని సూదులు, నెలాఖరుకు ఇంత శాతం. జవాబులు ఇవ్వలేదు. 'ఇది నాకు తెలీదమ్మా, కనుక్కుని రేపు చెప్తా' అనే వెసులుబాటూ ఇవ్వలేదు. అలా అన్న ఏఎన్ఎంకు మెమో రాకుండా ఉండాలి. అంగీకార పత్రం కోయ మాట్లాడే తల్లికి ఆమె భాషలో చదివి వినిపించాలి, వద్దంటే వద్దనే రాసుకుని వెళ్లిపోవాలి. టీకా తరువాత బిడ్డకు ఏం జరిగినా, కారణం ఏదైనా, విచారణ కాగితం ముందు ఆ ఇంటికి చేరాలి, తరువాతే పత్రికలకు. మీటరు పరీక్షకు ముందే ఫీజు కట్టమనే పద్ధతి పోవాలి. తప్పు మీటరుదని తేలితే డబ్బు వెనక్కి ఇచ్చి, ఎందుకు తప్పిందో కూడా చెప్పాలి.

వచ్చే నెల రీడింగుకు వచ్చే మనిషి బిల్లు చింపి చేతిలో పెట్టి వెళ్లిపోకుండా, అడిగిన ఇంటి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. బకెట్లో రాడ్డు పెట్టించి, ఆ ఎర్ర దీపం ముందు ఇల్లాలితో కలిసి తనూ లెక్కపెట్టాలి. 53 వస్తే ఆమె బిల్లు కడుతుంది. రాకపోతే వాళ్లు మీటరు మార్చాలి.